తెగిన పోగుల లెక్క: అహ్మదాబాదు 'అటీరా' కథ

విక్రం సారాభాయి పేరు వినగానే తెలుగువారికి మొదట తోచేది శ్రీహరికోట. పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఆ దీవి నుంచి 1971 అక్టోబరులో తొలి రాకెట్టు పైకి లేచింది. ఆ ఏడాది డిసెంబరు 30న సారాభాయి కన్నుమూశారు. ఆయన జీవితపు చివరి అధ్యాయం మనకు బాగానే తెలుసు. మొదటి అధ్యాయం అంతగా తెలియదు. కేంబ్రిడ్జిలో విశ్వకిరణాల మీద పరిశోధించి డాక్టరేటు పుచ్చుకుని వచ్చిన 1947లోనే, ఇరవయ్యెనిమిదేళ్ల వయసులో, ఆయన ఒక బట్టల పరిశోధన సంస్థకు సారథ్యం వహించారు. దాని పూర్తిపేరు అహ్మదాబాద్ టెక్స్‌టైల్ ఇండస్ట్రీస్ రీసెర్చ్ అసోసియేషన్. పొడి అక్షరాలలో అటీరా.

ఈ సంస్థ చరిత్రను నేను చాలాకాలంగా అక్కడ కొంతా ఇక్కడ కొంతా పోగుచేసుకుంటూ వస్తున్నాను. అందుకు ఒక సొంత కారణమూ ఉంది. మాది నేత కుటుంబం. మా తాతగారి తరంలో కొందరు కరీంనగర్ జిల్లా నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ షోలాపూరుకూ భివండీకీ పోయారు. ఒకరిద్దరు ఇంకా పైకి, అహ్మదాబాదు దాకా పోయారు. అందుచేత ఆ ఊరి మిల్లుల చరిత్ర నాకు పరాయి ఊరి ముచ్చటగా అనిపించదు. చదివినకొద్దీ ఒక ప్రశ్న మాత్రం మనసులో గట్టిపడింది. నూలుపోగు ఎందుకు తెగుతుందో అంత సూక్ష్మంగా కనిపెట్టగలిగిన సంస్థ ఉన్న ఊళ్లోనే, నాలుగు దశాబ్దాలు తిరక్కముందే, మిల్లులకు మిల్లులు ఎలా కూలిపోయాయి? ఈ టపా ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానం.

* * *

ముందు ఊరి సంగతి. అహ్మదాబాదులో తొలి నూలు మిల్లును 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ నడిపించాడు. బొంబాయి మిల్లులు సముద్రం పక్కన పుట్టాయి. దూరదేశాల వ్యాపారం వాటికి ఊపిరి. అహ్మదాబాదుకు సముద్రమూ లేదు, తేమగాలీ లేదు. ఉన్నవల్లా పత్తి, పెట్టుబడి, తరతరాల వర్తక నైపుణ్యం. షేఠ్‌ల కుటుంబాలు ఒకరితో ఒకరు వియ్యమందుతూ, ఒకరితో ఒకరు పోటీపడుతూ, సాబర్మతికి తూర్పుగా పొగగొట్టాల అడవిని పెంచారు.

ఈ ఊరికి మరొక ప్రత్యేకత ఉంది. 1918లో ప్లేగు బోనసు రద్దయినప్పుడు కార్మికులు నూటికి 35 వంతుల కూలి పెంపు కోరి సమ్మె కట్టారు. యజమానుల పక్షాన ముందు నిలిచినవాడు కాలికో మిల్లు అధిపతి అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షాన నిలిచినది ఆయన సొంత అక్క అనసూయ. వారి నడుమ గాంధీగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ సమ్మె చివరకు మధ్యవర్తి తీర్పు దగ్గర ముగిసింది. 1920లో మజూర్ మహాజన్ అనే కార్మిక సంఘం పుట్టింది. తగవు వస్తే వీధికెక్కకుండా మధ్యవర్తి ముందు కూర్చుని తేల్చుకోవడమన్నది ఆ ఊరి రివాజయింది. విక్రం ఆ అంబాలాల్ కొడుకు. సమ్మె జరిగిన మరుసటి ఏడు, 1919లో పుట్టాడు. మిల్లు సైరనూ, అత్త చేసే కార్మిక సభలూ ఒకే ఇంట్లో వింటూ పెరిగిన పిల్లవాడన్నమాట.

* * *

పరిశ్రమలన్నీ కలిసి డబ్బు వేసుకుని ఒక పరిశోధనాలయాన్ని నడుపుకోవడమనే ఆలోచన బ్రిటనులో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మనీ రంగులు ఆగిపోయేసరికి, తమ మిల్లులు ఎంతగా పరాయి శాస్త్రం మీద ఆధారపడ్డాయో ఆంగ్లేయులకు తెలిసివచ్చింది. ప్రభుత్వం కొంత, పరిశ్రమ కొంత భరించేలా పరిశోధన సంఘాలు ఏర్పడ్డాయి. 1919లో పత్తి పరిశ్రమకూ అలాంటి సంఘం వెలిసింది. మాంచెస్టరు శివారు డిడ్స్‌బరీలో దాని ప్రయోగశాల. భూరి విరాళమిచ్చిన దాత కూతురి పేరిట దాన్ని షర్లీ ఇన్‌స్టిట్యూట్ అన్నారు.

ఆ షర్లీలో జరిగిన ఒక పని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గొలుసు బలం దాని అతి బలహీనమైన కొలికి బలమే. నూలుపోగూ అంతే, సగటు బలం ఎంతున్నా, తెగేది అతి పలచనైన చోటనే. 1926లో పియర్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని లెక్కలోకి దించాడు. అదే సంస్థలోని గణాంకవేత్త టిపెట్, ప్రసిద్ధుడైన ఫిషర్‌తో కలిసి 1928లో దాన్ని ఒక సాధారణ సిద్ధాంతంగా మలిచాడు. సగటును వదిలి కొసలను, అంటే అతి తక్కువను, అతి ఎక్కువను, అంచనా కట్టే గణితం అది. ఈనాడు నదులకు రాగల గరిష్ఠ వరదను లెక్కగట్టి ఆనకట్టల తూములు ఎంతుండాలో నిర్ణయించే ఇంజనీర్లు వాడేదీ ఆ గణితమే. బట్టల పరిశోధన చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఈ కథ చెబుతుంటాను.

మన దేశంలోనూ పత్తి మీద పరిశోధన అంతకు ముందే ఉంది. 1924లో బొంబాయి మాటుంగాలో భారత కేంద్ర పత్తి కమిటీ ఒక సాంకేతిక ప్రయోగశాలను నెలకొల్పింది. ఏ రకం పత్తి ఎన్నో నంబరు నూలుకు పనికొస్తుందో తేల్చడం దాని ముఖ్యమైన పని. 1937లో కలకత్తాలో జనుము మిల్లులు తమ పరిశోధన సంస్థను పెట్టుకున్నాయి. అయితే నూలు, బట్ట మిల్లులు తమంతట తాము కలిసి, తమ లోపలి ఇబ్బందులను శాస్త్రజ్ఞుల ముందు పరచడానికి సిద్ధపడటం అటీరాతోనే మొదలు.

* * *

సిద్ధపడటమన్నాను గానీ, అది అంత తేలిగ్గా జరిగి ఉంటుందని అనుకోను. మిల్లు యజమానికి తన లెక్కలు ప్రాణంతో సమానం. ఎన్నో నంబరు నూలు ఎంత ఖర్చుతో వడుకుతున్నాడో, ఎంత దూది వృథా పోతున్నదో పక్క మిల్లువాడికి తెలియకూడదు. అలాంటిది, ఆ లెక్కలన్నీ చూడబోయే సంస్థకు అధిపతి మరొక పోటీ మిల్లు యజమాని కొడుకు! కస్తూర్‌భాయి లాల్‌భాయి వంటి పెద్దలు వెన్నంటి నిలబడ్డారు గనుక సరిపోయింది. ఢిల్లీలో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలిని నడుపుతున్న శాంతిస్వరూప్ భట్నాగర్ ప్రభుత్వం తరఫున చేయూతనిచ్చారు. సారాభాయి జీతం తీసుకోకుండా గౌరవ సంచాలకుడిగా 1956 దాకా ఉన్నారు.

ఆయన మనుషుల్ని ఎంచుకున్న తీరు ఆ రోజుల్లో చాలామందికి వింతగా తోచింది. మిల్లుల్లో తలపండిన స్పిన్నింగు మాస్టర్లను ఆయన పిలవలేదు. విశ్వవిద్యాలయాల నుంచి అప్పుడప్పుడే బయటికి వచ్చిన భౌతిక, రసాయన, గణాంక శాస్త్రాల యువకులను తెచ్చుకున్నారు. బట్టల పరిశ్రమ అనుభవం వారికి లేదు. ఆ మాటకొస్తే సారాభాయికీ లేదు, ఇంట్లో మిల్లు ఉందన్నమాటే తప్ప. అనుభవజ్ఞుడికి తన చుట్టూ ఉన్న చాలా సంగతులు కంటికి ఆనవు. "ఇది ఎప్పుడూ ఇంతే" అంటాడు. కొత్తవాడు "ఎందుకింతే?" అని అడుగుతాడు. పరిశోధనకు ఆ రెండో మాట కావాలి.

కట్టడం కన్నా ముందు మనుషులన్నది ఆయన పద్ధతి. తరువాత కట్టడమూ వచ్చింది. హార్వర్డులో వాల్టర్ గ్రోపియస్ వద్ద చదువుకుని వచ్చిన యువ వాస్తుశిల్పి అచ్యుత్ కాన్విందే దాన్ని రూపొందించాడు. ఆడంబరమైన గోపురాలూ తోరణాలూ లేని, పనికి తగ్గ భవనం అది. సాబర్మతికి పడమట ఉంది. మిల్లులలో ఎక్కువ భాగం తూర్పున. ఆ నది దాటి అవతలికి పోవడమే శాస్త్రజ్ఞుడికి అసలు పరీక్ష అయింది.

* * *

ఆ పరీక్ష ఎలాంటిదో తెలియాలంటే వడుకు ఖాతాలో ఒకసారి నిలబడాలి. (అహ్మదాబాదు మిల్లులలో విభాగాన్ని 'ఖాతా' అనేవారు.) రింగు ఫ్రేము అంటే పొడవాటి యంత్రం, రెండు పక్కలా వరుసగా వందల కదురులు. పైనుంచి వదులుగా ఉన్న దూది తాడు దిగుతుంది, రోలర్ల నడుమ సాగి సన్నబడుతుంది, కదురు తిరుగుతుంటే పురి ఎక్కుతుంది, నూలై కండెకు చుట్టుకుంటుంది. పురి చాలకపోతే పోగు జారిపోతుంది. మరీ ఎక్కువైతే ముడులు పడి పెళుసవుతుంది. దూదిలో చెత్త ఉన్నా, రోలరు అరిగినా, గాలి పొడిబారినా పోగు తెగుతుంది. తెగిన ప్రతిసారీ ఒక మనిషి పరుగెత్తి వచ్చి దాన్ని వేళ్లతో అతకాలి. గంటకు ఎన్ని పోగులు తెగుతున్నాయన్నదాని మీదే ఒక మనిషి ఎన్ని కదురులను చూడగలడన్నది ఆధారపడుతుంది. దాని మీద కూలి, దాని మీద ధర.

అటీరా యువకులు చేసింది మొదట ఇదే: నిలబడి లెక్కపెట్టడం. వంద కదురులకు గంటకు ఎన్ని తెగుతున్నాయి? ఏ కదురు దగ్గర పదేపదే తెగుతున్నాయి? పొద్దుటి పాళీలో ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని? కారణాలను విడదీసి రాసుకుంటూ పోతే, తప్పంతా కార్మికుడిదేనని జాబరు వేసే నింద చాలాచోట్ల నిలవదు. ఒక రోలరో, ఒక కిటికీయో, ఒక బేలు పత్తియో దొరికిపోతుంది.

ఇది గణాంకశాస్త్రం మన దేశంలో మిల్లు మెట్లెక్కుతున్న కాలం. నాణ్యతా నియంత్రణకు ఆద్యుడనదగిన అమెరికను శాస్త్రజ్ఞుడు షూహార్ట్ 1947-48లో భారత గణాంక సంస్థ పిలుపు మీద మన దేశానికి వచ్చి పారిశ్రామిక నగరాలలో ప్రచారం చేశాడు. అటీరా ఆ పద్ధతిని బట్టల మిల్లులలో నాటింది. కోట్లు పోసి కొత్త యంత్రాలు తెప్పించనక్కరలేదు. ఉన్న యంత్రాలతోనే, లెక్క సరిగా చూసుకుంటే వృథా తగ్గుతుంది. యజమానికి లాభం వెంటనే కనబడే పని ఇది. పెద్ద పెద్ద పరిశోధనలు చూపించి సాధించలేని నమ్మకాన్ని ఈ చిన్న లెక్కలు సంపాదించాయి.

గాలిలో తేమ విషయం నాకు ప్రత్యేకంగా ఇష్టం. పత్తి నారకు ఒక గుణముంది: తడి తగిలితే దాని బలం పెరుగుతుంది. లాంకషైరు మబ్బు వాతావరణం ఊరికే మిల్లులకు కలిసిరాలేదు. అహ్మదాబాదు ఎండలో ఆ తేమను యంత్రాలతో పుట్టించాలి. ఎంత పుట్టించాలి? తక్కువైతే పోగు తెగుతుంది. ఎక్కువైతే మనిషి ఉక్కపోతతో సొమ్మసిల్లుతాడు. నూలుకు హితమైనది ఒంటికి హితం కాకపోవచ్చు. మన గుంట మగ్గాన్ని తలుచుకోండి. నేలలోని గుంట చల్లదనం పడుగుకు తేమనిస్తుంది. సాలె కాళ్లు ఆ గుంటలోనే ఉంటాయి. ఎండాకాలం నట్టమధ్యాహ్నం మగ్గం ఆపి, పొద్దున్నే, సాయంత్రమే నేసే మా పెద్దలకు తేమ శాతాలు తెలియవు గానీ ఆ శాస్త్రం తెలుసు. ఆ తెలివి ఏ పరిశోధన పత్రంలోకీ ఎక్కలేదు. ఈ మాట మళ్లీ ప్రస్తావిస్తాను.

* * *

అటీరాను మిగతా ప్రయోగశాలల నుంచి వేరుచేసినది మరొకటి ఉంది. అక్కడ భౌతిక, రసాయన విభాగాల పక్కన మనస్తత్వ విభాగం కూడా పెట్టారు. దాన్ని నడిపినది కమలా చౌధురి. అమెరికాలో మిషిగను విశ్వవిద్యాలయంలో సామాజిక మనస్తత్వశాస్త్రం చదివి వచ్చిన ఆమె, మిల్లు కార్మికుడు ఏమనుకుంటున్నాడో, పై అధికారి ఏమనుకుంటున్నాడో అడిగి తెలుసుకోవడాన్ని శాస్త్రంగా చేపట్టింది. 1950ల తొలినాళ్లలో మన దేశపు మిల్లులో ఇది ఎంత కొత్తదో ఊహించుకోవచ్చు. 1961లో అహ్మదాబాదులోనే ఐ.ఐ.ఎం. పుట్టినప్పుడు దాని తొలి నిర్మాతలలో ఆమె ఒకరు. ఆ మేనేజిమెంటు చదువుల వేళ్లు ఈ వడుకు ఖాతాలలోనే ఉన్నాయనడం అతిశయోక్తి కాదు.

అదే ఊళ్లో అదే రోజుల్లో జరిగిన మరొక ప్రయోగం ప్రపంచమంతా పేరు పొందింది. లండనులోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు 1953లో కాలికో మిల్లుకు వచ్చాడు. స్వయంచాలక మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగడం లేదు. రెండువందల పైచిలుకు మగ్గాల ఖాతాలో ఒకడు నేస్తాడు, ఒకడు కండెలు నింపుతాడు, ఒకడు నూనె వేస్తాడు, ఒకడు ఊడుస్తాడు. ఎవరి పని వారిదే. ఎవరూ ఎవరికీ జట్టు కారు. రైస్ చేసిన సూచన సరళమైనది: కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు అప్పగించండి, పనులు వారే పంచుకుంటారు. ఆ మాట వినగానే కార్మికులే ముందుకు వచ్చి జట్లు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, చెడిన బట్ట తగ్గింది. ఈ వృత్తాంతాన్ని రైస్ 1958లో పుస్తకంగా ప్రకటించాడు. 1970 ప్రాంతంలో మరొక పరిశోధకుడు తిరిగి వచ్చి చూస్తే, ఆ జట్టు పద్ధతి ఒకచోట చెక్కుచెదరకుండా ఉంది, మరికొన్నిచోట్ల ఆనవాలు చెరిగిపోయింది.

ఈ పరిశోధనలన్నీ గొప్పవే. కానీ మిల్లులో మరొక గీత ఉండేది, దాన్ని ఏ యంత్రమూ గీయలేదు. వడుకు ఖాతాలో తెగిన పోగులు అతికేవారిలో ఎక్కువమంది దళితులు. మగ్గం ఖాతాలోకి వారికి ప్రవేశం దుర్లభం. కారణం నాడె. కండె మార్చినప్పుడల్లా నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి లాగాలి. ఒకరు పీల్చిన నాడెను మరొకరు పీల్చాలి. ఎంగిలి, మైల అనే మాటలు అక్కడ పనిచేశాయి. నేత కూలి ఎక్కువ, వడుకు కూలి తక్కువ. గాంధీగారి సంఘం బలంగా ఉన్న ఊళ్లోనే, కార్మికోద్యమం ఉన్న దశాబ్దాలన్నింటా, ఈ గీత నిలిచింది. పోగు తెగడానికి కారణాలు వెతికిన పట్టికలలో ఈ కారణానికి గడి లేదు.

మా చిన్నతాత అక్కడ నేత ఖాతాలో పనిచేశాడు. ఊరికి వచ్చినప్పుడు, చేతిలో గడియారమూ నోటు పుస్తకమూ పట్టుకుని మగ్గాల మధ్య తిరిగే చదువుకున్న పిల్లల గురించి చెప్పేవాడు. "లెక్కలోళ్లు" అనేవాడు వారిని. కోపమేమీ లేదు, కొంచెం నవ్వు, కొంచెం అనుమానం. "వాళ్లు రాసుకున్నదేందో మనకు సదివి చెప్పరు బిడ్డా" అన్నాడొకసారి. వాళ్లు ఏ సంస్థవారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజుల్లో ప్రతి పెద్ద మిల్లూ తన సొంత లెక్కలవారినీ పెట్టుకుంది. కానీ ఆ మాట మాత్రం నాకు ఈ చరిత్ర మొత్తానికీ తాళంచెవిలా తోస్తుంది.

* * *

అటీరా నమూనా త్వరలోనే దేశమంతా పాకింది. 1954లో బొంబాయిలో బీట్రా, 1956లో కోయంబత్తూరులో సిట్రా, 1974లో గాజియాబాదులో నిట్రా ఏర్పడ్డాయి. కృత్రిమ పట్టుకూ, ఉన్నికీ వేరువేరు సంస్థలు వచ్చాయి. ఈ నాలుగు పత్తి సంస్థలూ కలిసి, ఏ నంబరు నూలుకు ఎంత వృథా సమంజసం, ఎంతమంది మనుషులు చాలు, ఎంత కరెంటు కావాలి అన్న ప్రమాణాలను ప్రకటిస్తూ వచ్చాయి. మిల్లు మేనేజర్ల బల్లల మీద ఆ ప్రమాణాల పుస్తకం ఉండేది. కూలి బేరాలలోనూ దాన్ని చూపేవారు.

అదే 1956లో చేనేతకు నేతగాళ్ల సేవా కేంద్రాలు మొదలయ్యాయి. వాటి మీద నాకు గౌరవముంది. రంగుల్లో, డిజైన్లలో అవి చేసిన పని తక్కువేమీ కాదు. కానీ తేడా గమనించండి. మిల్లుకు దక్కినది పరిశోధన. చేనేతకు దక్కినది సేవ. చేనేతకు నూలు కావాలి. ఆ నూలు మిల్లు నుంచే రావాలి. మిల్లు నూలు మిల్లు మగ్గానికి తగినట్టు రూపొందుతుంది. దాని పురి, దాని నంబరు, దాని చుట్టుడు అన్నీ యంత్రపు అవసరానికే. చేతిమగ్గానికి ఎలాంటి నూలు మేలు, గుంట మగ్గపు తేమకు ఎంత పురి చాలు అన్న ప్రశ్నలు అడగడానికి సాలెవాళ్లెవరూ ఏ సంస్థలోనూ సభ్యులు కారు. ఇందాక ప్రస్తావిస్తానన్న మాట ఇదే. తెలివి లేక కాదు, చందా కట్టే స్థోమత లేక మా పెద్దల శాస్త్రం కాగితమెక్కలేదు.

* * *

ఇక పతనం. బొంబాయి మిల్లుల కూలుడు 1982 నాటి పెద్ద సమ్మెతో ముడిపడి ఉంది గనుక అందరికీ గుర్తుంది. అహ్మదాబాదు మిల్లులు సమ్మె లేకుండానే, ఒకదాని తరువాత ఒకటిగా, చప్పుడు లేకుండా ఆగిపోయాయి. 1980ల మొదలు నుంచి 1990ల మధ్య దాకా యాభైకి పైగా మిల్లులు మూతపడ్డాయి. లక్షమందికి పైగా కార్మికులు వీధినపడ్డారు. కారణాలు అనేకం. మరమగ్గాలు చిన్న చిన్న షెడ్లలో, తక్కువ కూలితో, తక్కువ పన్నుతో అదే బట్టను చవగ్గా నేశాయి. జనం పాలియెస్టరుకు అలవాటు పడ్డారు. చాలామంది యజమానులు లాభాలను పాత యంత్రాల మీద పెట్టకుండా వేరే వ్యాపారాలకు తరలించారు. 1985 నాటి జౌళి విధానం మిల్లు, మరమగ్గం, చేనేత అనే తేడాలు చూడటం మానేసి, నిలవలేని మిల్లును మూయనిచ్చింది. మిల్లు పోతే దాని కింది నేల మిగులుతుంది. ఊరు పెరిగినకొద్దీ ఆ నేల ధర బట్ట ధరను మించిపోయింది.

మా చిన్నతాత పనిచేసిన మిల్లూ ఆ వరుసలో పోయింది. దాని పేరు అనవసరం. రావలసిన బకాయిల కోసం ఆయన ఏళ్ల తరబడి తిరిగి, చివరకు సిరిసిల్ల వచ్చి తన కన్నా చిన్నవాళ్ల దగ్గర సాంచ నడిపాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. తన మిల్లును చంపిన యంత్రం దగ్గరే తిండి వెతుక్కున్నాడు. ఆయన ఒక్కడిదే కాదు ఆ దారి. అహ్మదాబాదులోనే మిగిలినవారు రిక్షాలు తొక్కారు, బండ్లు తోశారు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు బీడీలూ అగరువత్తులూ చుట్టి సంసారాలు ఈదారు. కార్మికుల చరిత్రను సొంతంగా అధ్యయనం చేసిన యాన్ బ్రెమన్ వంటి పండితులు ఈ జారుడును వివరంగా రాశారు.

కాలికో మిల్లూ మిగల్లేదు. 1949లో సారాభాయి కుటుంబం ఆ మిల్లు పేరిట నెలకొల్పిన వస్త్ర ప్రదర్శనశాల మాత్రం నేటికీ ఉంది. దేశదేశాల వారు వచ్చి అక్కడి పాత బట్టలను చూసి ముగ్ధులవుతారు. ఆ బట్టల మధ్య మన కలంకారీలూ ఉన్నాయి.

అటీరా కూడా మిగిలింది. పోషించిన మిల్లులు పోయాక అది మరమగ్గాల సేవా కేంద్రాలు నడిపింది; బట్టకు పరీక్షలు చేసి పత్రాలిచ్చింది; తరువాత పరిశ్రమలకూ నిర్మాణాలకూ వాడే సాంకేతిక వస్త్రాల వైపు, మిశ్రమ పదార్థాల వైపు, కంటికి ఆనని సూక్ష్మమైన నారల వైపు మళ్లింది. దాన్ని తప్పుపట్టను. సంస్థ బతకడం కూడా ఒక విద్యే. ఆ పరికరాలూ ఆ నిపుణులూ చెదిరిపోకుండా నిలవడం దేశానికి మేలే.

* * *

మొదటి ప్రశ్నకు వస్తాను. అటీరా విఫలమైందా? నా సమాధానం, లేదు. తనను అడిగిన ప్రశ్నలన్నింటికీ అది నిజాయితీగా సమాధానం చెప్పింది. పోగు ఎందుకు తెగుతుందని మిల్లు అడిగింది, చెప్పింది. మనిషి మనసు ఎందుకు పనిలో నిలవదని అడిగింది, అదీ చెప్పింది. యజమాని తన లాభాన్ని తిరిగి మిల్లులో ఎందుకు పెట్టడం లేదని అడగవలసినవారు ఎవరూ దాని సభలో లేరు. మిల్లు పోతే ఈ లక్ష జతల చేతుల నైపుణ్యం ఏమవుతుందని అడగవలసినవారూ లేరు. చందా కట్టినవారే ప్రశ్న వేశారు. శాస్త్రం తటస్థమని మనం అనుకుంటాం. సమాధానాల వరకు అది నిజమే కావచ్చు. ప్రశ్నలు ఎవరివన్నది మాత్రం సంస్థ నిబంధనావళిలోనే తేలిపోతుంది.

సారాభాయికి ఇది కొంత తెలుసని నాకు అనిపిస్తుంది. అటీరా తరువాత ఆయన నిర్మించిన సంస్థలలో ప్రశ్న వేసే హక్కు క్రమంగా విస్తరించింది. రాకెట్లు ఎందుకని ఎదురైన ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు, చంద్రుడి మీదకు పోటీ పడటానికి కాదని, సామాన్యుడి అవసరాలకని. ఆకాశం నుంచి పల్లెకు పాఠాలు అందించే ఉపగ్రహ టెలివిజను ప్రయోగం 1975లో జరిగినప్పుడు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. అది చూడటానికి ఆయన లేరు. కుర్రవాళ్లను నమ్మడం, పెద్ద భవనం కన్నా ముందు మంచి జట్టును కట్టడం, పనివాడి మాట కూడా వినదగిన సమాచారమేనని ఒప్పుకోవడం, ఇవన్నీ ఆయన తెగిన పోగుల దగ్గర నేర్చుకున్నవే.

తెలంగాణ పల్లెల నుంచి అహ్మదాబాదు, సూరతు, షోలాపూరు, భివండీ పోయిన మనవాళ్ల కథ ఇంకా సరిగా ఎవరూ రాయలేదు. వరంగల్లులో 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు కూడా పోయింది. ఆ మిల్లుల్లో పనిచేసిన పెద్దలు చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవారు ఎనభైలలో ఉంటారు. మీ ఇంట్లోనో, మీ వాడలోనో అలాంటివారుంటే ఒక పూట వారి దగ్గర కూర్చోండి. ఏ ఖాతాలో పనిచేశారు, ఎన్ని కదురులు చూశారు, పోగు తెగితే ఎలా అతికేవారు, మిల్లు మూసిన రోజున ఎవరేమన్నారు, అన్నీ అడిగి రాసుకోండి. రాసుకున్నది వారికి చదివి వినిపించండి.